పరుగుల పిచ్చిది

చాందినికి ఆ పేరు పెట్టింది భవ్యశ్రీయే. మొదట తెలుగులో 'పరుగుల పిచ్చిది' అంది. టీములో మిగతావాళ్లకి అర్థం కావాలిగా, అందుకని 'పగ్లీ' అని హిందీలోకి దించింది. వారం తిరక్కుండానే ఆ పేరు చాందినికి అతుక్కుపోయింది.

భవ్యశ్రీకి ఇరవై రెండేళ్లు. తూర్పు ఢిల్లీలోని ఒక చిన్న మహిళల ఫుట్‌బాల్ క్లబ్బుకి నాలుగేళ్లుగా స్ట్రైకరు. కిందటి సీజన్లో లీగులో పద్నాలుగు గోల్సు కొట్టింది. బంతి కాలి దగ్గరికి రావడమే ఆలస్యం, గోల్‌కీపర్ ఏ వైపు వాలబోతోందో ఆమెకి ముందే తెలిసిపోయేది. వాళ్ల నాన్న రామమోహనరావు నోయిడాలో సాఫ్ట్‌వేర్ మేనేజరు, కాపురం వైశాలిలో. కూతురి ప్రతి మ్యాచికీ కారులో వచ్చి, మైదానం గీత పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "మా అమ్మాయి పరిగెత్తదండీ. బంతే ఆమె దగ్గరికి పరిగెత్తుకుంటూ వస్తుంది" అని పక్కవాళ్లకి చెప్పేవాడు. ఆ మాటంటే భవ్యశ్రీకి మహా ఇష్టం.

చాందిని ఈ సీజన్లోనే చేరింది. ఇంకా ఇరవై నిండలేదు. తండ్రి సూర్యనారాయణ సైన్యంలో హవల్దారు, విజయనగరం వైపు మనిషి. కంటోన్మెంటులోని క్వార్టర్స్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది చాందిని, అయినా ప్రాక్టీసుకి అందరికంటే ముందుండేది. బంతి ఆమె కాలికి తగిలితే గోడకి తగిలినట్టే ఎగిరి అవతల పడేది. మొదటిరోజే అది చూసి, ఈ పిల్ల వల్ల తనకేమీ ప్రమాదం లేదని భవ్యశ్రీ తేల్చేసుకుంది.

సీజన్ మొదటి మ్యాచి రోజున కోచ్ తోమర్ తెల్లబోర్డు మీద పదకొండు పేర్లు రాశాడు. స్ట్రైకర్ స్థానంలో చాందిని పేరుంది.

"సర్, పేరు పొరపాటున పడిందా?" భవ్యశ్రీ నవ్వుతూ అడిగింది.

"సరిగ్గానే రాశాను. నువ్వు ఆఖరి ఇరవై నిమిషాలు" అన్నాడు తోమర్, పెన్ను మూత పెడుతూ.

ఆ తర్వాతి వారం అతను గోడకి ఒక కాగితం అంటించాడు. ఆటగత్తెలు వేసుకునే బనీన్లలో దూరం కొలిచే చిన్న యంత్రాలుండేవి, వాటి లెక్కలవి. చాందిని ఆడిన డెబ్బై నిమిషాల్లో దాదాపు పది కిలోమీటర్లు పరిగెత్తింది. పక్కనే కిందటేడాది భవ్యశ్రీ సగటు ఉంది: అయిదున్నర.

"కొరియర్ భయ్యా రోజుకి ఇంతకి నాలుగింతలు తిరుగుతాడు సర్. అతన్ని కూడా ఆడిద్దామా?" అంది భవ్యశ్రీ. అందరూ నవ్వారు. చాందిని కూడా నవ్వింది. తోమర్ నవ్వలేదు.

"అవతలి డిఫెండర్ల దగ్గర బంతి ఉన్నప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగాడు.

"నా దగ్గరికి వచ్చేదాకా ఆగుతాను."

"అచ్ఛా" అని ఊరుకున్నాడతను. దానికి ఇంకేమీ అనలేక ఊరుకున్నాడనుకుంది భవ్యశ్రీ.

బెంచి మీద కూర్చుని చాందిని ఆట చూడటం ఆమెకి పరమ రోతగా ఉండేది. బంతి ఎటుంటే అటు ఉరకడం, డిఫెండర్ మీద పడటం, ఆమె పక్కకి తోస్తే మళ్లీ అటు ఉరకడం. ఈగని తోలుతున్నట్టుండే ఈ పనికి ఆట అనే పేరెందుకో ఆమెకి అర్థమయ్యేది కాదు. మూడో మ్యాచిలో గోల్‌కీపర్ జారి పడింది. ఎదురుగా ఖాళీ గోలు. చాందిని కొట్టిన బంతి అడ్డకర్ర మీదుగా పోయి పార్కింగులో పడింది. భవ్యశ్రీ బెంచి మీద నుంచి కావాలనే గట్టిగా నవ్వింది. చాందిని ఒకసారి వెనక్కి తిరిగి చూసి, భుజంతో మొహం తుడుచుకుని మళ్లీ పరిగెత్తింది.

'సిగ్గు కూడా లేదు' అనుకుంది భవ్యశ్రీ.

ఆరు మ్యాచుల్లో చాందిని కొట్టింది ఒక్క గోలు, అదీ మోకాలికి తగిలి లోపలికి పోయింది. భవ్యశ్రీ ఆఖరి ఇరవై నిమిషాలు ఆడుతూనే నాలుగు కొట్టింది. ఆమె దిగే వేళకి అవతలి డిఫెండర్లు నడుములు పట్టుకుని రొప్పుతూ ఉండేవాళ్లు. ఇంత చేతకానివాళ్లు లీగుకి ఎలా వస్తారని వాళ్లని కూడా అసహ్యించుకునేది.

ఒకరోజు ప్రాక్టీసయ్యాక చాందిని మెట్రో దాకా వెంట వచ్చింది. "అక్కా, బంతిని అలాగ ఆపీసి కొడతావు కదా. నాకూ ఒకసారి సూపించవా?" అని అడిగింది.

"అది చూపిస్తే వచ్చేది కాదు. నీకు మార్చింగ్ బాగా వచ్చు కదా, ఆర్మీవాళ్లు. అది చేసుకో, ఠీక్ హై?"

చాందిని మొహం చిన్నబోయింది. "సర్లే అక్కా" అని బస్టాపు వైపు తిరిగింది. భవ్యశ్రీ ఫోన్లో పాట పెట్టుకుని మెట్రో మెట్లెక్కింది.

ఏప్రిల్ మొదటి వారంలో ప్రాక్టీసులో చాందిని చీలమండ బెణికింది. ఆ శనివారమే దక్షిణ ఢిల్లీ టీముతో మ్యాచి. గెలిస్తే లీగులో పైకి పోవచ్చు. తోమర్ బోర్డు మీద భవ్యశ్రీ పేరు రాశాడు. ఆమె ఆ బోర్డుని ఫోటో తీసి నాన్నకి పంపింది.

మధ్యాహ్నం మూడింటికి ఆట. ఎండ నెత్తిన కొడుతోంది. అవతలి టీము డిఫెన్సు మధ్యలో ఒక పొడుగాటి హర్యానా అమ్మాయి ఉంది. ఆట మొదలయ్యే ముందు ఆమె అటూ ఇటూ చూసి, "మీ పగ్లీ ఏది?" అని అడిగింది.

ఆ పేరు అవతలి టీముకి కూడా పాకినందుకు భవ్యశ్రీకి నవ్వొచ్చింది. "కాలు బెణికింది, ఆడటం లేదు" అంది.

పొడుగమ్మాయి వెనక్కి తిరిగి, "పగ్లీ నహీఁ ఖేల్ రహీ!" అని కేకేసింది. వెనకున్న ముగ్గురూ చేతులెత్తి దేవుడికి దండం పెట్టారు. "కిందటిసారి ఆమె పరిగెత్తించిన దెబ్బకి రెండు రోజులు మంచం దిగలేదు. నువ్వయితే పర్వాలేదు దీదీ" అంది ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా.

మొదటి సగమంతా ఆ మర్యాదలోనే నడిచింది. పొడుగమ్మాయి బంతి మీద కాలు పెట్టుకుని నిలబడేది. భవ్యశ్రీ వస్తుందేమోనని చూసేది. ఎవరూ రాకపోతే తీరిగ్గా తల ఎత్తి, ఎవరికి కావాలంటే వాళ్లకి పంపేది. ఆ పాసుల్ని ఆపడానికి భవ్యశ్రీ వెనకున్న మిడ్‌ఫీల్డర్లు ఆమె వంతు కూడా కలిపి పరిగెత్తారు. ముప్పై అయిదో నిమిషంలో అలాంటి తీరికైన పాసు ఒకటి పొడుగ్గా పోయి గోలయింది. భవ్యశ్రీ కాలికి అప్పటిదాకా బంతి తగిలింది ఆరుసార్లు.

"మహారాణీ, కుర్చీ తెప్పించమంటావా?" అంది ఆమె టీము కెప్టెన్ అర్షి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ.

గీత అవతల నుంచి రామమోహనరావు అరిచాడు. "నువ్వు కంగారుపడకు తల్లీ! బంతి వాళ్లే తెచ్చివ్వాలి నీకు!"

హిందీలో కాకపోయినా, ఆ అరుపు అర్థమైనట్టు అవతలివాళ్లు నవ్వారు.

విరామంలో తోమర్ అందరికీ నీళ్లిచ్చాడు గానీ ఆమెని ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. "నన్ను మార్చేస్తారా సర్?" అని తనే అడిగింది.

"ఎవరితో?" అన్నాడతను.

రెండో సగంలో భవ్యశ్రీ పరిగెత్తింది. ఆ పొడుగమ్మాయి నవ్వు చెరిపెయ్యాలన్న కసి తప్ప ఇంకేమీ లేదు ఆ పరుగులో. ఆమె మీదికి దూకితే బంతి పక్కదానికి పోయింది. పక్కదాని మీదికి పోతే మళ్లీ ఇటు వచ్చింది. పది నిమిషాల్లో నోరెండిపోయింది. డొక్కలో పోట్లు మొదలయ్యాయి. ఎక్కడి నుంచి ఎక్కడికి పరిగెత్తాలో కూడా తనకి తెలియదని అప్పుడు తెలిసింది. చాందిని ఎప్పుడూ సూటిగా పోయేది కాదు. ఒక పక్క నుంచి వంపుగా వచ్చి, అటు పాసుకి దారి మూసేసి, డిఫెండర్ని ఇవతలికి తిప్పేది. అన్ని మ్యాచులు బెంచి మీద నుంచి చూస్తూ, ఈ సంగతి కంటికి ఆననే లేదు.

అరవై ఎనిమిదో నిమిషంలో అలాగే ఎడమ నుంచి వంపుగా వెళ్లింది. పొడుగమ్మాయి తడబడింది. బంతి సరిగ్గా తగలక భవ్యశ్రీ కాళ్ల ముందుకు దొర్లింది. ఇక ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే. ఎడమకి వాలబోతోందని భవ్యశ్రీకి స్పష్టంగా తెలిసింది. కుడివైపు వేస్తే చాలు. కానీ ఆనించిన కాలు గజగజ వణికి మడత పడింది. బంతి అడ్డకర్ర మీదుగా ఎగిరి ఎక్కడో పడింది.

బెంచి మీద నుంచి నవ్వు వినిపించింది. కాలికి కట్టుతో కూర్చున్న చాందిని, నోటికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోంది. తోమర్ ఉరిమి చూసేదాకా ఆపలేదు.

ఒకటి సున్నాతో ఓడిపోయారు. కుళాయి దగ్గర భవ్యశ్రీ వాంతి చేసుకుని మొహం కడుక్కుంటుంటే చాందిని కుంటుకుంటూ వచ్చి సీసా అందించింది.

"నవ్వావు కదా నువ్వు?"

"నవ్వేను. నువ్వు నవ్వినప్పుడు నాకెలాగుందో నీకూ తెలియాలి కదేటి?"

"సారీ కూడా చెప్పవా?"

"సెప్పను." మళ్లీ చాందినే అంది, "కాళ్లు వణుకుతుంటే గోలు కనిపిస్తాది గానీ కొట్టలేం అక్కా. నేను ప్రతి మ్యాచీ అలాగే ఆడేను."

భవ్యశ్రీ సీసా తీసుకుని సగం తాగింది. దారి పొడుగునా కారులో నాన్న తోమర్‌నీ, మిడ్‌ఫీల్డర్లనీ, ఎండనీ తిడుతూనే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కిందటేడు తను కొట్టిన పద్నాలుగు గోల్సూ ఒకటొకటిగా గుర్తున్నాయి. ఆ బంతుల కోసం ఎవరెవరు పరిగెత్తారో, ఒక్క పేరూ గుర్తు రాలేదు. తన మీద తనకి వేసిన ఆ రోత చాందిని మీద ఎన్నడూ కలిగినదానికంటే ఎక్కువగా ఉంది.

రెండు వారాలకి సీజన్ ఆఖరి మ్యాచి. చాందిని కాలు బాగయింది. బోర్డు మీద మళ్లీ ఆమె పేరే వచ్చింది. ఈసారి భవ్యశ్రీ బోర్డు చూసి బెంచి వైపు నడిచింది.

ఆట మొదలైన కాసేపటికే చాందిని ఒక తేలిక బంతి పోగొట్టుకుంది. "ఆ తోమర్‌కి కళ్లు లేవా? నడవడం కూడా రానిదాన్ని తెచ్చి నిలబెడతాడు!" రామమోహనరావు కుర్చీలోంచి తెలుగులో అరిచాడు. పది అడుగుల దూరంలో చాందిని తండ్రి సూర్యనారాయణ నిలబడి ఉన్నాడు. విన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని గ్రౌండు వైపే చూస్తూ ఉండిపోయాడు.

భవ్యశ్రీ బెంచి మీద నుంచి లేచి నాన్న దగ్గరికి వెళ్లింది. "నాన్నా, మీరు వెళ్లి కార్లో కూర్చోండి."

"అదేంటమ్మా? నీ కోసమేగా నేను..."

"మీకు ఈ ఆట తెలీదు. నాకే తెలీదు. దయచేసి వెళ్లండి."

ఆయన కుర్చీ మడిచాడు. సూర్యనారాయణ వైపు చూడకుండానే నడిచి వెళ్లిపోయాడు.

అరవై అయిదో నిమిషంలో తోమర్ పిలిచాడు. చాందిని చెమటతో తడిసి ముద్దయి బయటికొస్తోంది. గీత దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఆ మూడో నంబరుకి కుడికాలు రాదక్కా. ఎడమవైపు దారి మూసీ."

భవ్యశ్రీ తలూపి లోపలికి నడిచింది. అవతలి గోల్‌కీపర్ బంతిని మూడో నంబరుకే దొర్లించింది. భవ్యశ్రీ అప్పటికే ఉరుకుతోంది.