డానియేలు ఇంటి పెయింటరు

బాబురావు కూతురు వీణ గోడలకు రంగులు వేస్తుందన్న సంగతి ఫలక్‌నుమాలో వాళ్ల గల్లీవాళ్లకు తెలియదు. తెలియనివ్వకుండా బాబురావే జాగ్రత్తపడ్డాడు. ఎవరడిగినా "ఇంటీరియర్ ఆఫీసుల జేస్తది" అనేవాడు. పని బట్టలు సంచిలో పెట్టుకుని మంచి చుడీదార్‌లో బయలుదేరాలనీ, తిరిగొచ్చేటప్పుడూ మార్చుకునే గల్లీలో అడుగుపెట్టాలనీ ఆయన పెట్టిన షరతు. వీణ వాదించలేదు. తల్లి లీలమ్మ మాత్రం అప్పుడప్పుడు సణిగేది.

బాబురావు రైల్వేలో బుకింగ్ క్లర్కుగా రిటైరయ్యాడు. ఆయన తండ్రి రైల్వే క్వార్టర్లకు సున్నం వేసేవాడు. సున్నం కొరికి పుండ్లుపడిన ఆ వేళ్లను చూస్తూ పెరిగిన బాబురావు, తన ఇంట్లో ఇంకెవరూ ఆ పనికి పోకూడదనుకున్నాడు. వీణను డిగ్రీ చదివించాడు. ఆమె కొన్నాళ్లు ఓ బట్టల షోరూంలో బిల్లులు కొట్టి విసిగిపోయి, ఇంటీరియర్ పనులు చేయించే దుర్గయ్య దగ్గర ఆఫీసు పనికి చేరింది. అక్కడ గోడలకు రంగు కొట్టే స్ప్రే మిషన్ చూసింది. తర్వాత ఆఫీసు కుర్చీలో కూర్చోలేదు. ఏ సైట్లో పని అని బాబురావు ఎన్నడూ అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని.

ఓ రోజు పాత స్నేహితుడు డానియేలు ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే కౌంటర్లో పనిచేసినవాళ్లు. డానియేలు బదిలీ మీద కాజీపేట వెళ్లి, ఇన్నేళ్లకు తిరిగొచ్చి యాకుత్‌పురాలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం ప్రార్థనకు ముందే వచ్చి చూడమని పిలిచాడు.

బాబురావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. కింద అంతా చూపించి, డానియేలు ఆయన్ను మేడ మీదికి తీసుకెళ్లాడు.

"పైన గదులకు ఇటుక గోడలు పెట్టలే భాయ్, జిప్సం బోర్డులే. బరువు తక్కువుంటదని. రా, పెయింటింగ్ నడుస్తున్నది. మస్తు పనిమంతురాలు దొరికింది."

గుమ్మానికి ప్లాస్టిక్ పరదా వేలాడుతోంది. లోపల మిషన్ మోత. డానియేలు పరదా పక్కకు లాగగానే పొగమంచులాంటి తెల్లటి తుంపర కనిపించింది. కిటికీలకు, స్విచ్ బోర్డులకు కాగితాలు అంటించి ఉన్నాయి. తల నుంచి కాళ్ల దాకా కప్పుకున్న ఒక మనిషి, గోడకు ఒకే దూరంలో స్ప్రే గన్ పట్టుకుని మెల్లగా నడుస్తోంది. ఆ నడక బాబురావు గుర్తుపట్టాడు.

"అమ్మా, జర ఆపు. మా దోస్తు వచ్చిండు," అన్నాడు డానియేలు.

మోత ఆగింది. ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపింది. మాస్కు తీయలేదు. తండ్రి వైపు చూసింది. ఆ కళ్లలో ముందు ఆశ్చర్యం, వెంటనే నవ్వు. మాస్కు మీదికి చెయ్యి పోయింది.

"ఇగ ఇదంతా ఈ పిల్ల ఒక్కతే జేస్తది," డానియేలు మురిసిపోతూ చెబుతున్నాడు. "ఎందుకమ్మా, డైరెక్టు రంగు కొట్టొద్దంటివి?"

"కొత్త బోర్డు కదా అంకుల్. ముందుగాల ప్రైమర్ పూత కొట్టకుంటే రంగంత తాగేస్తది. జాయింట్లన్ని చారలు చారలు కనబడ్తయి," అంది వీణ, తండ్రినే చూస్తూ.

"ఇన్నవా? పేరు వీణ. నీ బిడ్డ పేరు గూడ వీణనే గద, బాబురావు?"

బాబురావు ఒకసారి చుట్టూ చూశాడు. ఆ ఇస్త్రీ చొక్కా, ఈ పెయింటు డబ్బాలు, ఇన్నేళ్ల తర్వాత కలిసిన స్నేహితుడు. "ఆఁ," అన్నాడు. "గా పేరు మస్తుమందికి ఉంటది."

"మీ వీణ ఏం జేస్తుందిప్పుడు?"

"ఆఫీసు. ఏసీ ఆఫీసుల."

మాస్కు మీదికి వెళ్లిన చెయ్యి కిందికి దిగింది. వీణ కళ్లద్దాలు సరిచేసుకుంది.

"అంకుల్, జర పక్కకు జరుగుండ్రి," అంది బాబురావుతో. "చొక్కా మీద పడ్తది."

మిషన్ మళ్లీ మోగింది. కింద డానియేలు పోసిన చాయ్ బాబురావు ఎలా తాగాడో ఆయనకే గుర్తులేదు.

ఆ సాయంత్రం వీణ ఇంటికొచ్చి, జుట్టుకు అంటిన తెలుపు పోవడానికి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది. అరుస్తుందని బాబురావు ఎదురుచూశాడు. అరవలేదు. అన్నం తిని, తల్లితో పప్పు బాగుందని చెప్పి, లేచి వెళ్లిపోయింది.

"ఏమైంది మీ ఇద్దరికి?" అంది లీలమ్మ.

చెప్పాడు. లీలమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. "దాని ముంగటనే అన్నవా?" అంది. ఆ ఒక్క మాటతో బాబురావు తల పైకెత్తలేకపోయాడు.

మర్నాడు వీణ వెళ్లిన కాసేపటికే ఆయనా యాకుత్‌పురాకు లోకల్ రైలెక్కాడు. డానియేలు గేటు దగ్గరే ఉన్నాడు. బాబురావు కూర్చోకుండానే చెప్పేశాడు.

"అన్నా, నిన్న నీకు అబద్ధం చెప్పిన. మీద పని జేసేది నా బిడ్డనే."

డానియేలు ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు పోయింది. "ఆ పిల్ల ముంగటనే ఇంటుండె గద భాయ్! గట్లెట్ల అన్నవ్?"

డానియేలు గబగబా మెట్లెక్కి, "బిడ్డా! నువ్వు మన బాబురావు బిడ్డవా! ఆపు ఆ పని, కిందికి రా, చాయ్ తాగు," అని కేకేశాడు.

వీణ మాస్కు మెడలోకి లాక్కుని మెట్ల దాకా వచ్చింది. "వద్దంకుల్. గోడ సగంల ఆపితే గీత పడ్తది. పని కానియ్యుండ్రి," అంది మర్యాదగా. డానియేలు చిన్నబోయి కిందికి దిగి వెళ్లాక, వెనకే మెట్లెక్కి వచ్చిన తండ్రి వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పినవ్?"

"తప్పయింది బిడ్డా."

"గా మాట ముందుగాల నాతోని అనాలె. నిన్న నీ ఇజ్జత్ కోసం నన్ను కాదన్నవ్. ఇయ్యాల నీ మనసు తేలికైతందని ఆయనకు చెప్పినవ్. రెండుసార్లు గూడ నన్ను అడగలే. నిన్నటిదాక ఆయన నన్ను పెయింటర్ లెక్క జూసి ఇది బాగలే, అది బాగుంది అని సాఫ్ చెప్పేటోడు. ఇగ చెప్పడు. దోస్తు బిడ్డనైతి."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. బాబురావు మెట్ల మీద కూలబడ్డాడు. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందనుకుని వచ్చినవాడికి, ఇంకో బరువు ఎక్కింది. తను చెప్పిన నిజంలో కూడా తన గురించే ఆలోచించుకున్నాడు.

మధ్యాహ్నం వీణ టిఫిన్ డబ్బా తెచ్చుకుని పై మెట్టు మీద కూర్చుంది. అడగకుండానే మూతలో కొంత అన్నం పెట్టి కిందికి జరిపింది. ఇద్దరూ తిన్నారు. బాబురావు తడబడుతూ, "ఆ మూలకు గోడ మచ్చలు మచ్చలున్నదేంది?" అన్నాడు. ఆమె పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఆరుతున్నది. ఆరినంక సాఫ్ అయితది," అని ఆమె లేచి చేతులు కడుక్కుంది.

తిరుగు రైల్లో గల్లీలోని వరమ్మ కనిపించింది. పూలబుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్న ఆమె, ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగింది.

"యాకుత్‌పురల కొత్తింటికి మా వీణ పెయింటింగ్ జేస్తుంది. జూసొస్తున్న."

"పెయింటింగా? ఆఫీసంటివి గదన్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు తల తిప్పి చూశారు. బాబురావు చెవులు వేడెక్కాయి. ఇక్కడ వీణ లేదు, డానియేలు లేడు. ఏదో ఒక మాటతో తప్పించుకోవచ్చు.

"అబద్ధం చెప్పిన," అన్నాడు. "సిగ్గుపడి చెప్పిన."

వరమ్మ పూల మీద తడిగుడ్డ సర్దుకుంది. బాబురావు కిటికీ వైపు తిరగకుండా, ఫలక్‌నుమా వచ్చేదాకా ఆమె ఎదురుగానే కూర్చున్నాడు. వరమ్మకు నిజం చెప్పిన సంగతి ఇంటికెళ్లాక ఎవరికీ, వీణకు కూడా, గొప్పగా చెప్పుకోలేదు.