చెయ్యి ఆగే చోటు

జగ్గారావు రైల్వే వర్క్‌షాపు బట్టలు ఉతకడమంటే మాటలు కాదు. నూనె, గ్రీజు, ఇనప రజను కలిసి ఆ నీలం బట్ట తోలులా తయారవుతుంది. సోడా వేసి ఉడకబెట్టాలి, బండకేసి బాదాలి, మళ్ళీ ఉడకబెట్టాలి. ఆ వేళ పోలమ్మ బాదుతూ ఉంటే అత్త అప్పలకొండ గుమ్మంలో కూర్చుని, "ఏటే, బట్టల్ని బాదుతున్నావా, నా కొడుకునా?" అని నవ్వింది. పోలమ్మ కూడా నవ్వింది. ఎడం చెంప వాచి ఉంది కాబట్టి సగం మొహంతోనే నవ్వింది.

ముందురోజు చేపల పులుసులో ఉప్పు ఎక్కువైంది. కంచం గోడకి తగిలింది, చెయ్యి చెంపకి తగిలింది. కొత్తేమీ కాదు. పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలోనే ఎడం చెవి వినికిడి సగం పోయింది. ఒకసారి జుట్టు పట్టుకుని కుళాయి గొట్టానికేసి కొట్టాడు. కడుపుతో ఉన్నప్పుడు తన్నాడు, ఆ బిడ్డ నిలవలేదు. చిత్రమేమిటంటే, ఇన్నింటిలో ఒక్కదానికీ జగ్గారావుని తప్పుపట్టిన నాథుడు లేడు. తప్పంతా కోపానిదే. "ఆడికి కోపమొస్తే ఒళ్ళు తెలీదమ్మా, మనసు మాత్రం ఎన్నపూస" అంటుంది అత్త. "వర్క్‌షాపులో ఆ వేడికీ ఆ చప్పుడికీ మగోళ్ళ బుర్ర పాడైపోద్ది, మనవే సర్దుకోవాల" అంటుంది పక్క క్వార్టరు ఎలీసమ్మ. కన్నతండ్రి కళింగపట్నం నించి చూడ్డానికి వచ్చి, కూతురి చెవి సంగతి విని, "కోపిష్టోడు, సూసుకుని మసులుకో" అని చెప్పి తిరుగు రైలెక్కేశాడు. కోపం అనేది జగ్గారావు ఒంట్లో అద్దెకున్న మూడో మనిషి అన్నట్టు మాట్లాడేవారు అందరూ. పోలమ్మ కూడా నమ్మింది. నమ్మకపోతే అదే చేత్తో అన్నం ఎలా పెడుతుంది, అదే పక్కమీద ఎలా పడుకుంటుంది?

పూరీ గేట్ దగ్గర ఆడపిల్లల బడిలో ఆమె నీళ్ళు మోసేది. రోజుకూలీ. అక్కడ ఆటలు నేర్పే ఆలిస్ టీచరు బడి వెనక మైదానంలో గడ్డిదిమ్మ నిలబెట్టి, వెదురు విల్లులతో పిల్లల చేత బాణాలు వేయించేది. ఒకరోజు ఏ పిల్లా లాగలేకపోయిన విల్లుని పోలమ్మ బిందె దించి సరదాగా లాగింది. నూతిలోంచి చేదలు లాగిన భుజాలు కదా, తాడు చెవిదాకా వచ్చేసింది. టీచరు కళ్ళు మిలమిలలాడాయి. రైల్వే ఆడవాళ్ళ టీము కడుతున్నారని, అందులో సెలెక్టయితే పర్మినెంటు ఉద్యోగం, తన పేరు మీద క్వార్టరు ఇస్తారని చెప్పింది. పోలమ్మ మంచి చెవితోనే విన్నది, అయినా మళ్ళీ చెప్పించుకుంది. తన పేరు మీద తలుపు, ఆ తలుపుకి లోపలి గొళ్ళెం. ఆ మాట విన్నాక ఇంక ఆమెకి వేరే ధ్యాస లేకుండా పోయింది.

బలం ఉంది, కన్ను ఉంది. బాణాలు మాత్రం దిమ్మ మీద చెల్లాచెదరుగా పడేవి.

"తాడు లాగిన చెయ్యి ప్రతిసారీ ఒక్కచోటికే వచ్చి ఆగాలి. ఇదిగో, కుడి దవడ ఎముక మూల. దీన్ని యాంకర్ అంటారు" అంది టీచరు.

"లంగరన్నమాట" అంది సముద్రపొడ్డున పుట్టిన పోలమ్మ.

"అదే. వేలెడు ముందు ఆగినా, వెనక ఆగినా బాణం ఎటో పోతుంది. బుగ్గ కదులుతుంది, ఎముక కదలదు. ఎముకనే నమ్ముకో."

ఎన్నిసార్లు లాగినా కుదరలేదు. టీచరు దూరంగా నిలబడ్డం మానేసి పక్కకి వచ్చి, విల్లుని కాక పోలమ్మ మొహాన్ని చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆమె గొంతు మారిపోయింది.

"నీ చెయ్యి తప్పడం లేదు పోలమ్మా. చెయ్యి దగ్గిరికి వచ్చేసరికి నీ మొహం తప్పుకుంటోంది."

"నా సెయ్యే కద టీచరమ్మా!"

"నీదే. నీ మెడకి ఆ సంగతి తెలీదు."

పోలమ్మ తల దించేసుకుంది. ఎన్ని దెబ్బలు తిన్నా అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉందనుకుంది, మెడ మీద ఊరంతా చూసేలా ఉందని తెలీదు. మనిషి చెయ్యి మొహం వైపు వస్తే అది దెబ్బే అయి ఉంటుందని ఒంటికి అంత గట్టిగా నేర్పాక, ఆ పాఠాన్ని ఎవరు చెరుపుతారు? ఇంకెవరున్నారు, తనే చెరపాలి. అన్నం ఉడుకుతుంటే పొయ్యి ముందు కూర్చుని కుడిచెయ్యి దవడకి తెచ్చేది. కదలకు, కదలకు అని తన మొహానికి తనే చెప్పుకునేది. కుళాయి దగ్గర బిందె నిండేలోపు అదే పని. అప్పలకొండ చూసి, "పంటి నొప్పేటే?" అంది. "అవునత్తా" అంటే లవంగం తెచ్చిచ్చింది. ఆ లవంగం నములుతూ కూడా అదే పని చేసింది. అలా అలా మొహం నిలబడ్డం నేర్చుకుంది. ఒకరోజు బాణాలన్నీ ఒకేచోట దిగితే టీచరు వాటిని ఒక్క గుప్పిట్లో పట్టి పీకింది. పోలమ్మకి ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడవడం ఆమెకి అదే మొదలు.

జగ్గారావుకి ఈ గొడవ మొదటినించీ నచ్చలేదు. "బాణాలేటే, అడివికి ఏటకెళ్తావేటి?" అని వెక్కిరించేవాడు. ఉద్యోగం, క్వార్టరు అన్న మాటలు ఖరిదా బజార్లో ఎవరో చెవిన వేశాక మాత్రం వెక్కిరించడం మానేశాడు. సెలెక్షన్ ముందురోజు తనంతట తనే మైదానానికి వచ్చాడు. మొగుడికి విషయం అర్థమైతే అడ్డుపడడని టీచరు సంబరపడింది. పాపం, మంచి మనిషి. పోలమ్మని పక్కన నిలబెట్టి, ఆమె కుడి దవడ మీద తన వేలు పెట్టి మరీ చూపించింది.

"ఇదిగో, ఇక్కడ. అంతా ఈ ఎముక మీదే ఉంది జగ్గారావు గారూ. ఇక్కడ చెయ్యి కుదిరిందా, రేపు సెలెక్షన్ ఖాయం."

జగ్గారావు వంగి, శ్రద్ధగా చూశాడు. "ఠీక్ హై మేడమ్" అని చేతులు జోడించాడు.

మర్నాడు పొద్దున్న పోలమ్మ తల దువ్వుకుని చెప్పులు వేసుకుంటుంటే అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎడం చేతిలో టీ గ్లాసు, కుడి చేతిలో బీడీ.

"ఎల్తన్నావా?"

"ఎల్తన్నాను."

అరవలేదు. బీడీ పారేశాడు. కుడిచెయ్యి ఖాళీ అయింది. అయినా టీ గ్లాసుని ఎడం చేతిలోంచి కుడి చేతిలోకి, తొణక్కుండా మార్చుకున్నాడు. పోలమ్మకి ఆ మార్చుకోవడం ఎందుకో అర్థమయ్యేలోపు ఎడం పిడికిలి కుడి దవడ మూల మీద పడింది. ఆమె మొహం తప్పుకోలేదు. కదలకుండా ఉండడం అంత కష్టపడి నేర్చుకుంది మరి. లోపల ఏదో పటుక్కుమంది. నేలమీద పడి ఉమ్మితే రక్తంతో పాటు పన్ను వచ్చింది. జగ్గారావు మిగిలిన టీ తాగి, "ఇప్పుడెల్లు" అన్నాడు.

అప్పలకొండ పరిగెత్తుకొచ్చి, "అయ్యో అయ్యో, కోపంలో ఆడికి ఒళ్ళు తెలీదు కదమ్మా" అంటూ తడిబట్ట అద్దసాగింది. పోలమ్మకి నొప్పి కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. ఏదీ కోపం? ఆ మొహంలో వెతికింది, లేదు. పెళ్ళయినప్పటినించీ కుడిచేత్తో ఎడం చెంపని కొడుతూ వచ్చినవాడు ఇవాళ చెయ్యి మార్చాడు. ఒళ్ళు తెలియనివాడికి ఏ ఎముకో ఎలా తెలిసింది? అప్పుడు పాత దెబ్బలన్నీ ఒకటొకటిగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. కుళాయి గొట్టానికేసి కొట్టిన రోజు, ముందు పెరటి తలుపు గొళ్ళెం వేశాడు. కడుపు మీద తన్నిన రోజు, తల్లిని ఎలీసమ్మ ఇంటికి పంపించి మరీ తన్నాడు. వర్క్‌షాపులో ఫోర్‌మన్ అమ్మనాబూతులు తిట్టినప్పుడు ఇదే కోపం తలవంచుకుని ఇంటిదాకా బుద్ధిగా నడిచొచ్చింది. మూడో మనిషి ఎవరూ లేడు. ఆ ఇంట్లో ఉన్నది ఎప్పుడూ జగ్గారావొక్కడే. పోలమ్మ గోడ పట్టుకుని లేచింది. అత్త చేతిలోని తడిబట్ట తీసుకుని దవడకి ఒత్తిపట్టుకుని బయటికి నడిచింది.

సెలెక్షన్ జరిగే మైదానంలో ఆమెని చూసి ఆలిస్ టీచరు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "నేనే చూపించాను, నా వేలితో నేనే" అని ఏడ్చింది. ఆసుపత్రికి పోదామంది. పోలమ్మ తల అడ్డంగా ఊపి విల్లు అందుకుంది. మొదటిసారి చెయ్యి దవడకి తగలగానే కళ్ళు బైర్లు కమ్మి బాణం గడ్డిలో పడింది. వాచిన బుగ్గ మీద ఆనించి చూసింది, బాణం పక్కకి పోయింది. బుగ్గని నమ్మి లాభం లేదు. ఎముక పగిలినా దాని చోటు మారలేదు. నొప్పి ఎక్కడ భరించలేకుండా ఉందో అక్కడికే చెయ్యి తెచ్చింది. తాడు లాగిన ప్రతిసారీ నోట్లో రక్తం ఊరింది. మింగింది, వదిలింది. మింగింది, వదిలింది. సెలెక్టయినవాళ్ళంటూ బెంగాలీ ఆఫీసరు పిలిచిన పేర్లలో ఆఖరి పేరు ఆమెది.

గేటు దగ్గర జగ్గారావు రిక్షాతో సిద్ధంగా ఉన్నాడు. వార్త అప్పటికే తెలిసినట్టుంది, చుట్టూ జనం ఉన్నారు. మెత్తగా ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఎక్కు, ఆసుపత్రికి ఎల్దాం. కోపంలో సెయ్యి జారిపోనాది."

"నాను రాను" అంది పోలమ్మ, పళ్ళు విడదీయకుండా.

"ఇన్నేళ్ళు లేని పౌరుషం ఇయ్యాలేటే?" జగ్గారావు చుట్టూ ఉన్నవాళ్ళకేసి చూసి నవ్వాడు. "మొగుడన్నాక కొట్టడేటి, ఇంతకుముందు కొట్టలేదేటి?"

పోలమ్మ నోట్లో రక్తం ఉమ్మేసి, అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఇన్నేళ్ళూ కోపంలో కొట్టినావనుకున్నాను. ఇయ్యాల గురి సూసి కొట్టినావు."