ఇద్దరి కిరాయి

పోలరాజుకి వలసొచ్చిన హిందీవాళ్ల ఊళ్లో కార్ఖానా కాంట్రాక్టు పని పోయి ఐదు నెలలైంది. భుయ్యాడీహ్‌ బస్తీలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు అప్పిచ్చిన సొసైటీ తనఖాలో ఉంది. నాలుగు వాయిదాలు కట్టలేదు. ఐదోది కట్టే దారి లేదు.

సొసైటీ గుమాస్తా భీమారావు మంచివాడు. నోటీసు రాకముందే ఇంటికొచ్చి ఉన్న దారులన్నీ చెప్పాడు. గడువు పెంచమని అర్జీ పెట్టుకుంటే వాయిదా తగ్గుతుందిగానీ, ఎంతోకొంత రాబడి చూపించాలి. ఒక గది అద్దెకివ్వచ్చు. వేలం దాకా ఆగితే మాత్రం ఇల్లూ పోతుంది, పరువూ పోతుంది.

"మీరే బేరం చూసుకుని అమ్మేయండమ్మా. అప్పు తీరగా నాలుగు రాళ్లు మిగుల్తాయి" అన్నాడు పోలరాజు భార్య సింహాచలమ్మతో.

ముందుగది అద్దెకిచ్చి చూశారు. దిగినవాళ్లు తొమ్మిదో రోజునే మూట కట్టారు. మీకు పిల్లల్లేరన్నారే, మరి మధ్యాహ్నం పూట వెనకగదిలో రాళ్లాట ఆడేదెవరని అడిగి వెళ్లిపోయారు.

వెనకగది గోడకి పసుపు పూసి బొట్టు పెట్టిన చోటుంది. ఏడేళ్లకే జ్వరంతో పోయిన కూతురు పైడి అది. వాళ్ల సొంతూరి వైపు అలా పోయిన ఆడపిల్లని ఇంటి పేరంటాలుగా నిలుపుకుని దేవతలా కొలుస్తారు. శుక్రవారం శుక్రవారం సింహాచలమ్మ అక్కడ దీపం పెట్టి, పిల్లతో నాలుగు మాటలాడి లేచేది.

చివరికి ఇల్లు అమ్మారు. ఇల్లు పోయినందుకు ఆవిడ ఏడవలేదు. గోడని ఎత్తుకెళ్లేదెలాగన్నదే దిగులు. దానికీ ఒక పద్ధతుందని అత్తగారు బతికుండగా చెప్పింది. గోడ ముందు చెంబుతో పసుపునీళ్లు పెట్టి పేరుపెట్టి పిలవాలి. నీళ్లు కదిలితే చెంబెత్తుకుని బయలుదేరాలి. కొత్త గోడకి ఆ నీళ్లు పోసేదాకా వెనక్కి చూడకూడదు, పెదవి విప్పకూడదు.

పొద్దున్నే పోలరాజు తోపుడుబండి మీద సామాను తీసుకుని ఊళ్లోనే ఉన్న సాక్చి పేటకి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం సింహాచలమ్మ రూపాయికి రిక్షా మాట్లాడి వాకిట్లో నిలబెట్టి, ఖాళీ గదిలో గోడ ముందు చెంబు పెట్టుకుని కూర్చుంది.

"పైడీ, ఈ ఇల్లు మనది కాదే అమ్మా. మీ అయ్య సాక్చిలో గది తీసినాడు. నాతో వచ్చీ."

గాలి లేదు. చెంబులో నీళ్లు సన్నగా వణికాయి.

రిక్షాలో చెంబు ఒళ్లో పెట్టుకుని ఒక పక్కగా కూర్చుంది. కాసేపటికి రెండో పక్క సీటు మెత్త తనంతట తానే అణిగింది. రాయి ఎగరేసిన చప్పుడు, అరచేతిలో పడిన చప్పుడు. మళ్లీ ఎగరేసిన చప్పుడు. ఆవిడ తల తిప్పలేదు. కొంగు చాటున నవ్వుకుంది. దారిపొడుగునా మోకాలికి చిన్న మోకాలు తగులుతున్నట్టే ఉంది.

సాక్చి సందులో దిగి, కొంగుముడి విప్పి మాట్లాడుకున్న రూపాయి చాపింది. రిక్షావాడు తీసుకోలేదు. చెమట తుడుచుకుంటూ, పిల్ల కూడా ఉంది కదా మాయీ, ఇద్దరి కిరాయి ఇవ్వమన్నాడు. ఇంకో అర్ధరూపాయి.

ఐదు నెలలుగా ఆవిడ చింతపండు దగ్గర కూడా గీచి గీచి బేరమాడుతోంది. మనసు కంటే ముందు నోరు కదిలింది.

"పిల్లేటి బాబూ? నానొక్కదాన్నే వచ్చినాను."

రాళ్ల చప్పుడు ఆగిపోయింది.

రిక్షావాడు సీటు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. రూపాయి తీసుకుని బండి తిప్పాడు. ఇక వెనక్కి చూస్తే మాత్రం పోయేదేముంది? సింహాచలమ్మ చూసింది. ఖాళీ రిక్షా భుయ్యాడీహ్ వైపు పోతోంది. రోడ్డు చదునుగానే ఉంది. అయినా వాడు లేచి నిలబడి పెడల్ తొక్కుతున్నాడు. సీటు మెత్త ఒక పక్కకి అణిగే ఉంది.

గదిలో పోలరాజు గోడ కడిగి సిద్ధంగా ఉంచాడు. ఆవిడ చెంబు వంచింది. పొద్దున తన చేత్తో పసుపు కలిపిన నీళ్లే. గోడ మీద తేటగా జారాయి, మరక కూడా పడలేదు.

పోలరాజు తడి గోడని వేలితో రాసి, వేలు చూసుకున్నాడు. తర్వాత, కిరాయి ఎంతైందని మెల్లగా అడిగాడు.

"రూపాయి" అంది. "ఒక్కరికే ఇచ్చినాను."