మూరెడు తాడు

తాడు కొసను మోచేతి దగ్గర అదిమిపెట్టి, నడిమివేలి దాకా సాగదీసి, అక్కడ కొడవలితో కోశాడు మైసన్న. ఇది ఏడోది, ఇంకా ఐదున్నాయి. కోసిన ముక్క కింద పడ్డప్పుడల్లా పక్కనున్న మేక ఉలిక్కిపడి తలెత్తుతోంది. ముక్కల్ని కాలితో ఒక మూలకు నెట్టి, మిగిలిన పొట్టి తాడును గోడకున్న ఇనుప కడియానికి కట్టి, ఎనిమిదోదాని దగ్గరకు జరిగాడు.

గుమ్మంలో డాక్టర్ లక్ష్మీరాజం ఒక చేత్తో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో హైదరాబాదు నుంచి వచ్చిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. జంతువుల క్షేమం కోరి చేసిన కొత్త నిబంధనలు అని ఆ కాగితం మీద రాసి ఉంది.

"మూరెడు కంటె ఎక్కువుండొద్దు మైసన్నా. గట్లనే రాసిండ్రు."

మైసన్న ఎనిమిదో తాడును మోచేతికి ఆనించాడు. తన చెయ్యే కొలబద్ద అయినందుకు ఆ చేతిని చూస్తేనే అసహ్యం వేస్తోంది అతనికి.

అది ఎల్లారెడ్డి పశువుల దవాఖాన వెనకాల మేకల కొట్టం. ఫసలీ 1348వ సంవత్సరం, అంటే 1938-39. పశువులకు ముసర అనే పెద్దరోగం వచ్చి ఊళ్లకు ఊళ్లే ఎడ్లను, బర్రెలను పోగొట్టుకుంటున్న రోజులు. ఆ రోగాన్ని ముందు మేకకు ఎక్కిస్తారు. నాలుగో రోజు జ్వరం ముదిరాక మెడ నరం నుంచి నెత్తురు తీసి, కామారెడ్డి నుంచి మోటారులో వచ్చే మంచుగడ్డల్లో పెట్టి ఊళ్లకు పంపుతారు. అది సూదిమందుగా పడ్డ గొడ్డు బతుకుతుంది. మూడు విడతలు నెత్తురిచ్చిన మేక పోతుంది. పిట్లం రైతులు మళ్లీ ఎడ్లను కట్టి దున్నుతున్నారంటే ఈ మేకల చలవే. అది మైసన్నకు తెలుసు కాబట్టే, పంతొమ్మిదేళ్ల నౌకరీలో ఆఖరి ఆరేళ్లు వాటి మెడలు పట్టుకుని నిలబడగలిగాడు.

గొల్లల ఇంట పుట్టినవాడు. పొట్టి మనిషి, అరచేతులు మాత్రం చేటలంత వెడల్పు. పోతుమేక కొమ్ము తగిలి ఎడమచేతి చిటికెనవేలు వంకర పోయింది. దవాఖానలో అతన్ని పేరుపెట్టి పిలిచేది ఏదన్నా పట్టుకోమనడానికే.

అతనికి ఉన్నది ఒకటే కోరిక. ఇన్నాళ్లూ ఉన్న రెండు మూరల తాడుతో మేక పడుకుంటే మెడ గోడకు వేలాడుతుంది. మూడు మూరలైతే తల నేలకు ఆనించుకోగలుగుతుంది. జ్వరంతో కాగిపోయే ప్రాణి చచ్చేలోగా ఒక్కసారి తల కింద పెట్టుకోవాలి, అంతే.

రెండు నెలల కిందట ఆ కోరిక తీరే రోజు వచ్చిందనుకున్నాడు. మందుల కోసం వాడే జంతువుల గురించి కొత్త నిబంధనలు రాయడానికి పట్నం నుంచి ముగ్గురు పెద్దమనుషుల కమిటీ వస్తున్నదన్నారు. లక్ష్మీరాజానికి చెమటలు పట్టాయి. ఎముకలకు తోలు అంటుకుపోయిన మేకల్ని చూస్తే ఏం రాస్తారో! గాంధారి ఊరికి పోయి, మేకలు కాచే లింబాద్రి దగ్గర పన్నెండు మంచి మేకల్ని ఒకరోజుకు అరువు తెమ్మని మైసన్నను పంపాడు.

మైసన్న వెళ్లాడు. పళ్లు చూసి, వెన్ను నిమిరి, నిగనిగలాడే పన్నెండింటిని ఏరాడు. పంతొమ్మిదేళ్లలో తన విద్య పనికొచ్చింది ఆ ఒక్కనాడే. దారి పొడుగునా మురిసిపోయాడు కూడా. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పుడు తన మొహాన తనకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

రోగపు మేకల్ని గడ్డి కొట్టులో పెట్టి తలుపేశారు. అరువు మేకల్ని కొట్టంలో కట్టారు. అవి ఒంట్లో సత్తువున్న మేకలు, కొత్త చోటు వాటికి. ఒక్కటీ కుదురుగా నిలబడలేదు, ఒక్కటీ పడుకోలేదు. తొట్టెక్కాయి, పొడుచుకున్నాయి. ఒకటి కమిటీ పెద్దాయన షేర్వాణీ అంచు నమిలింది.

"ఇవి పండుకోవా?" అని అడిగాడు ఆయన, అంచు దులుపుకుంటూ.

"లేదు సార్, నిలబడుడే వీటికి అలవాటు" అన్నాడు లక్ష్మీరాజం.

పెద్దాయన రాసుకున్నాడు. తర్వాత మైసన్న వైపు తిరిగి, "నువ్వేమన్న చెప్పేదున్నదా?" అని మర్యాదగానే అడిగాడు.

మూడు మూరల మాట మైసన్న నాలుక మీదే ఉంది. డాక్టరు మొహం చూశాడు. "అంత మంచిగనే ఉన్నది సాబ్" అన్నాడు. కాగితం మీద వేలిముద్ర వేశాడు.

ఆ కాగితంలోంచే ఇవాళ్టి హుకుం పుట్టింది. మేకలు దుముకుతున్నాయి, ఒకదాన్నొకటి గాయపరుచుకుంటున్నాయి, వాటి క్షేమం కోసం తాడు మూరెడు చెయ్యాలి. అవి పడుకునే జాతి కావని పంతొమ్మిదేళ్ల అనుభవమున్న నౌకరు సాక్ష్యమిచ్చాడు. బాగా బలిసి ఉన్నాయి కాబట్టి గడ్డి సగం చాలు. ఇంత చక్కగా, ఇంత ఆలోచించి, ఇంత పాడుపని చేశారు.

పన్నెండో తాడూ అయింది. నెత్తురు తీసే పని మొదలైంది. రోగం ఎక్కించి నాలుగో రోజైన మేకను మైసన్న మోకాళ్ల మధ్య ఇరికించుకుని గడ్డం పైకెత్తాడు. సూది దిగింది. సీసాలో నెత్తురు నురగకట్టింది. కొట్టమంతా చీము, పారుడు, ఫినాయిలు కలిసిన కంపు. అయ్యాక మేక మోకాళ్లు మడిచింది. తాడు మెడను పట్టి ఆపింది. నేలకు జానెడెత్తున వేలాడుతూ కళ్లు తేలేసింది. మైసన్న దాని పొట్ట కింద తన మోకాలు పెట్టి మోశాడు. ఇంకోటి మడిచింది. అతనికున్నవి రెండే మోకాళ్లు.

మధ్యాహ్నం ఇంటికి పోయాడు. భార్య భూదవ్వ బీడీల చేట పక్కన పెట్టి చెంబుతో నీళ్లిచ్చింది.

"చేతులు మంచిగ కడిగినవా?"

ఆరేళ్లుగా రోజూ అడిగే మాటే. అతను మూడుసార్లు కడిగి, జొన్న గటక ముందు కూర్చుని, ముద్ద నోటిదాకా తెచ్చి దించేశాడు.

"కంపు పోతలేదే" అన్నాడు.

"ఏంది గట్లున్నవ్? పానం బాగలేదా?"

"రెట్ట గుంజుతున్నది. తాళ్లు కోసిన గద, గందుకే" అని ఎడమ భుజం రుద్దుకుంటూ లేచాడు.

తిన్నగా డాక్టరు గదికి వెళ్లాడు. పంతొమ్మిదేళ్లలో పిలవకుండా ఆ గడప దాటడం అదే మొదటిసారి.

"దొరా, మనం అరువు మేకల్ని చూపెట్టినం. గా పాపం వీటికి కొడ్తున్నది. గా హుకుం మార్పియ్యుండ్రి."

లక్ష్మీరాజం కలం మూత తిప్పాడు. "హుకుం మారాలంటే మల్ల విచారణ గావాలె. విచారణ గావాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు జెయ్యాలె. నువ్వు జేస్తవా?"

"చేస్త. రాయుండ్రి, ఏలు పెడ్త."

డాక్టరు రాశాడు. మేకలు పడుకుంటాయని, తాడు మూడు మూరలుండాలని రాశాడు. అరువు మేకల సంగతి మాత్రం రాయలేదు. మైసన్నకు చదువు రాదు. వేలు గట్టిగా అద్దాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక, మూలన పడున్న ముక్కలు ఏరి, ఒక్కొక్క తాడుకు అతికి ముళ్లు వేశాడు. తండ్రి నేర్పిన గొల్లల ముడి అది, గుంజేకొద్దీ బిగుస్తుంది. తర్వాత గోడ కడియాల నుంచి తాళ్లు విప్పి, గోడ అడుగున, నేల పక్కన మేకులు కొట్టి వాటికి తగిలించాడు. మేకలు ఒకదాని వెనక ఒకటి మోకాళ్లు మడిచి, తలలు నేలకు ఆనించాయి. రెట్ట ఇంకా గుంజుతూనే ఉంది, ఇప్పుడు రొమ్ము కూడా. కాసేపు కూర్చుందామని గోడకు చేరగిలబడ్డాడు.

తెల్లారి ఊడ్వడానికి వచ్చిన ఆశన్న తలుపు తీసేసరికి పన్నెండు మేకలూ పడుకుని ఉన్నాయి. మైసన్న కూడా. భూదవ్వ వచ్చి, ముందు అతని చేతులు కడిగింది.

నాలుగు నెలలకు పట్నం నుంచి జాబు వచ్చింది. ఒకే మనిషి రెండు కాగితాల మీద రెండు మాటలకు వేలిముద్ర వేశాడని, ఏది నిజమో స్వయంగా వచ్చి చెప్పాలని దాని సారాంశం. సాక్షి చనిపోయాడని లక్ష్మీరాజం బదులు రాశాడు. అయితే మొదటి మాటే ఖాయమని మరో జాబు వచ్చింది. మూరెడు తాడే చట్టమై నిలిచింది.

తాళ్లను మళ్లీ మూరెడు చెయ్యమన్నారు ఆశన్నను. ముడి విప్పబోయి గోళ్లు విరిగాయి తప్ప ఒక్కటీ ఊడలేదు. విసిగి, ముళ్లకు ఇవతల కొడవలి పెట్టి కోసేశాడు. గడ్డి కొట్టు చిలక్కొయ్యకు ఇప్పటికీ ఆ తాడు ముక్కలు వేలాడుతున్నాయి, పన్నెండింటికీ పన్నెండు ముళ్లు, బిగిసినవి బిగిసినట్టే.