ఎడమ మలుపులో ఆయిల్ లైటు

తన చేత్తో కట్టిన ఇంజను మళ్లీ షెడ్డుకి వచ్చిందంటే మేస్త్రమ్మకి తల కొట్టేసినట్టుండేది. ఇరవై రెండేళ్ల కారు మెకానిక్ పనిలో అలా తిరిగొచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆ సోమవారం పొద్దున్నే సొంత ఆడపడుచు కారు గేటులోకి తిరగడం చూసి, చేతిలో స్పానర్ పక్కన పెట్టి, ఏమీ అడక్కుండానే ఎదురు వెళ్లింది.

ఆడపడుచు నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్లకి వెళ్లి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు వేయడం ఆమె పని. రోగుల్లో సగం మంది కొండ మీది కాలనీలో ఉంటారు. రోజూ రెండుసార్లు ఆ కొండ ఎక్కాలి, దిగాలి. ఆమె కారు ఇంజను ఎనిమిది నెలల క్రితం మొత్తం విప్పి, ప్రతి బోల్టూ తానే బిగించి కట్టింది మేస్త్రమ్మ.

"వదినా, ఆయిల్ లైటు వెలుగుతోంది," అంది నర్సు దిగుతూనే. "కొండెక్కేటప్పుడు పెద్ద ఎడమ మలుపుంది చూడు, అక్కడ. మలుపు దాటాక దానంతటదే ఆరిపోతోంది."

"ఎన్నాళ్ల నుంచి?"

నర్సు నీళ్లు నమిలింది. "మూడు వారాలు."

"మూడు వారాల జ్వరం దాచిపెట్టిన రోగిని నువ్వయితే ఏమంటావు?"

"నువ్విప్పుడు అనబోయేదే అంటాను. అందుకే రాలేదు."

మేస్త్రమ్మ నవ్వలేదు. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీసింది. నిండుగా ఉందని చెప్పే పైగీత దాకా ఆయిల్ తళతళలాడుతోంది. ఆయిల్ తగ్గలేదు. మరి లైటెందుకు వెలుగుతోంది?

మధ్యాహ్నానికల్లా కబురు మరిదికి చేరింది. వీధంతా అతన్ని ఐదోగేరు అంటారు. ఆదివారాలు ఊరి బయటి రేసు ట్రాక్ మీద కారు నడుపుతాడు, మిగతా ఆరు రోజులూ దాని గురించి మాట్లాడతాడు. ఒక పెద్ద అట్టపెట్టెని రెండు చేతులా కావలించుకుని వచ్చి, బల్ల మీద దించాడు.

"వదినా, చెల్లాయి కారుకి రోగమేంటో నాకు తెలుసు. మలుపులో ఆయిలంతా ఒక పక్కకి పోతోంది. పంపుకి ఆయిలందక గాలి పీలుస్తోంది. గాలి పీల్చిన పంపు ఇంజనుకేం పోస్తుంది, గాలే పోస్తుంది. ఇదిగో మందు."

పెట్టెలోంచి ఒక్కొక్కటే తీశాడు. లోపల అరలూ, చిన్న చిన్న తలుపులూ ఉన్న లోతైన సంపు. అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. ఇంజనులో తిరిగే ఇరుసు, అంటే క్రాంకు, కవ్వంలా ఆయిల్‌ని చిలక్కుండా మధ్యలో అడ్డం పెట్టే రేకు. మామూలుకంటే ఎక్కువ ఆయిల్ తోడే పంపు. వస్తువులు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. మేస్త్రమ్మ వేలితో సంపు అంచు తడిమింది. వెల్డింగు గీత తీరుగా ఉంది.

"బాగుంది," అంది. "కానీ ఈ సంపు మామూలుదానికంటే నాలుగు వేళ్లు కిందికి దిగుతుంది. కొండరోడ్డు మీద రాళ్లున్నాయి, కాలనీలో స్పీడుబ్రేకర్లున్నాయి. ఏ ఒక్కటి తగిలినా ఉన్న ఆయిలంతా రోడ్డు తాగుతుంది."

"నెమ్మదిగా పోవాలి మరి."

"నెమ్మదిగా పోయేదానికి రేసు సంపెందుకు?"

ఐదోగేరు తల గోక్కున్నాడు. కానీ ఊరుకునే రకం కాదు. "ఆయిల్ నిండుగా ఉంది, అయినా లైటు వెలుగుతోంది. అంటే పాత సంపు చాలడం లేదనేగా? నువ్వే చెప్పు."

ఆ మాట మేస్త్రమ్మని కుట్టింది. అదే ఇంజనుతో, అదే సంపుతో ఊళ్లో ఎన్నో కార్లు ఆ కొండ ఎక్కుతున్నాయి. వాటికి రాని రోగం దీనికెందుకొచ్చింది?

"ముందు కొలుద్దాం," అంది. "కొలవకుండా ఒక్క బోల్టు కూడా విప్పను."

ఆయిల్ ప్రెషర్ చూపే గేజీని ఇంజనుకి బిగించి, దాని గొట్టాన్ని కిటికీలోంచి లోపలికి లాగి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నర్సు నడిపింది, ఐదోగేరు వెనక కూర్చున్నాడు. తిన్నటి రోడ్డు మీద ముల్లు మూడు దగ్గర నిలకడగా ఉంది. పెద్ద ఎడమ మలుపులోకి తిరిగాక వణికింది, రెండుకి దిగింది, ఒకటికి దిగింది, ఇంకా కిందికి జారింది. ఎర్ర లైటు వెలిగింది. మేస్త్రమ్మ గేజీని గట్టిగా పట్టుకుంది. ఆ రెండు మూడు క్షణాలూ లోపల బేరింగులు ఆయిల్ లేకుండా తిరుగుతున్నాయి. మూడు వారాలుగా, రోజుకి రెండుసార్లు.

"చెప్పానా?" అన్నాడు ఐదోగేరు. గెలిచిన గొంతు కాదది. అతనికీ భయం వేసింది.

తిరిగొచ్చాక మేస్త్రమ్మ గేజీ విప్పి బల్ల మీద పెట్టింది. "సరే," అంది. "నీ సంపే వేద్దాం. కారు జాకీ మీదికి ఎత్తు."

పాత సంపు విప్పాలంటే ముందు ఆయిల్ దించాలి. బోల్టు తీసింది. మామూలుగా అయితే పాత బకెట్లోకి వదిలేసేదే. ఆ రోజు మనసు ఊరుకోక, గీతలున్న కొలత డబ్బా పెట్టింది. ఆయిల్ లావుగా కారి, సన్నబడి, చుక్కలుగా మారి ఆగింది. ఫిల్టరు విప్పి అందులోదీ వంచింది. డబ్బా పైకెత్తి గీత చూసింది.

మూడు లీటర్లు.

ఆ ఇంజనులో పట్టేది నాలుగు.

మళ్లీ చూసింది. పుల్ల నిండుగా ఉందని చెప్పింది, డబ్బా లీటరు తక్కువని చెబుతోంది. రెండింట్లో ఒకటి అబద్ధమాడుతోంది, డబ్బాకి అబద్ధమాడే వీలు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంజను కట్టేటప్పుడు పాత పుల్ల గొట్టంలోనే విరిగింది. ముక్కలు ముక్కలుగా లాగి పారేసింది. విడిభాగాల కొట్టువాడు "అన్నిటికీ ఇదేనమ్మా" అంటే, నిజమేనని కొత్తది తెచ్చి గుచ్చింది. చివర సరిగ్గా కూర్చుంది కదా అనుకుంది. కొలిచి చూడలేదు. పుల్ల బొటనవేలి వెడల్పంత పొడవెక్కువైనా చాలు, లోతుగా మునుగుతుంది. తక్కువున్న ఆయిల్‌ని నిండుగా చూపిస్తుంది.

నర్సు గుమ్మం దగ్గర ఫోన్లో ఎవరో రోగికి ఆలస్యమవుతుందని చెబుతోంది. ఐదోగేరు సంతోషంగా కొత్త సంపుకి అంటిన కాగితాలు పీకుతున్నాడు. డబ్బాలో ఎంత ఉందో ఇద్దరూ చూడలేదు. కొత్త సంపు వేసి, దానికి సరిపడా ఆయిల్ పోస్తే లైటు ఆరిపోతుంది. అందరూ మరిదిని మెచ్చుకుంటారు. తన తప్పు పాత ఆయిల్‌తో పాటు పీపాలోకి పోతుంది. ఎవరూ ఎప్పటికీ అడగరు.

ఈ ఆలోచన ఆమెకి వచ్చింది. వచ్చినందుకే ఒళ్లు మండింది. డబ్బా తీసుకెళ్లి బల్ల మధ్యలో, మెరిసే కొత్త పంపు పక్కన ఠపీమని పెట్టింది.

"ఇద్దరూ ఇటు రండి. తప్పు సంపుది కాదు, నాది."

అంతా చెప్పింది. దాచకుండా, సాగదీయకుండా. నర్సు డబ్బా కేసి, వదిన కేసి మార్చి మార్చి చూసింది.

"ఎనిమిది నెలలు లీటరు తక్కువతో తిరిగానా?"

"తిరిగావు. మొదట్లో పైగీత కంటే కొంచెం ఎక్కువే పోశానేమో, లైటు వెలగలేదు. ఆ కాస్తా కాలిపోయాక వెలిగింది. పుల్ల చూసి నువ్వు నిండుగా ఉందనుకున్నావు, నేనూ అనుకున్నాను. లోపలేం పాడైందో చూస్తాను. పాడైంది ప్రతిదీ నేనే మారుస్తాను. అంతవరకు నా కారు తీసుకో."

నర్సుకి కోపం వచ్చింది, దాచుకోలేదు. "మూడు వారాల జ్వరమని నన్ననడం తెలుసు నీకు," అంది తాళాలు అందుకుంటూ. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది. "చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా?"

"తెలిసేది కాదు."

"ఊఁ," అని వెళ్లిపోయింది.

సంపు విప్పి, బేరింగు టోపీలు ఒక్కొక్కటే దించింది మేస్త్రమ్మ. నాలుగింటిలో మూడు బాగున్నాయి. ఒకదాని మీద గోటితో గీకినట్టు సన్నటి గీతలు. క్రాంకుని వేలితో తడిమింది, నున్నగా ఉంది. బేరింగులు నాలుగూ మార్చింది. పాత సంపు కడిగి మరిదికి చూపించింది. లోపల, పంపు ఆయిల్ పీల్చే చోటు చుట్టూ చిన్న రేకు నిలబడి ఉంది.

"ఇది చూశావా? ఇంజను చేసినవాళ్లే పెట్టారు. మలుపులున్నాయని వాళ్లకీ తెలుసు."

"అంత బుల్లి రేకు ఆపుతుందా?" ఐదోగేరు పట్టు వదల్లేదు.

"నువ్వే నడిపి చూపించు."

సరైన పొడవున్న పుల్ల గుచ్చి, కొలిచి నాలుగు లీటర్లు పోసి, మూడో రోజు ముగ్గురూ మళ్లీ కొండెక్కారు. మొదట నర్సు రోజూ నడిపినట్టే నడిపింది. పెద్ద మలుపులో ముల్లు మూడు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. తర్వాత స్టీరింగు ఐదోగేరు చేతికొచ్చింది. టైర్లు కీచుమన్నాయి, నర్సు మందుల సంచి సీటు మీంచి దొర్లి అవతలి తలుపుకి కొట్టుకుంది.

"అన్నయ్యా, నేను బతికుంటేనే రోగులకి కట్లు కట్టేది!" అని అరిచింది నర్సు.

ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడినట్టు రెండున్నరకి దిగి, వెంటనే పైకొచ్చింది. లైటు వెలగలేదు. ఇంకో రెండుసార్లు తిప్పాడు. అప్పుడూ వెలగలేదు.

కారు పక్కన ఆపి, ఐదోగేరు గేజీ కేసి వంగి చూశాడు. "అయితే నా పెట్టె దండగంటావా?"

"నీ కారుకి దండగ కాదు. ట్రాక్ మీద నీ టైర్లు రోడ్డుని కరిచిపట్టుకుంటాయి. అంత వేగంలో, అంత పొడుగు మలుపులో ఆయిల్ పక్కకే అంటుకుపోతుంది, తిరిగొచ్చే వ్యవధి ఉండదు. అక్కడ ఆ అరలు కావాలి. తీసుకురా, నేనే బిగిస్తాను. ఇలా రోడ్డు మీద తిరిగే కారుకి కావాల్సింది సరైన కొలతకి ఆయిల్, దాన్ని నిజంగా చూపించే పుల్ల. ఈ రెండూ లేకుండా ఏ సంపు వేసినా తప్పు మీద మూత పెట్టినట్టే."

నర్సు నవ్వేసింది. "ఇక తిట్టనులే వదినా. నన్ను మూడో నంబరింటి రోగి దగ్గర దించండి."

కానీ మేస్త్రమ్మ పని అక్కడితో తీరలేదు. ఆ పుల్లలు ఎనిమిది నెలల క్రితం కొట్టులో ఒకటి కాదు, నాలుగు కొంది. మిగతా మూడూ మూడు కార్లలో తిరుగుతున్నాయి. షెడ్డుకి వస్తూనే పాత పనుల పుస్తకం తీసి, ముగ్గురి నంబర్లూ రాసుకుంది.

డ్రైవింగు స్కూలు ఆవిడ ఆ సాయంత్రమే కారు తెచ్చింది. అరలీటరు తక్కువుంది, బేరింగులకి ఏమీ కాలేదు. కూరగాయల టోకు వ్యాపారి ఫోన్లో అరగంట తిట్టి, పొద్దున్నే కారు పంపాడు. మూడోవాడు ఫొటోగ్రాఫరు. ఫోన్ ఎత్తలేదు, ఇల్లు మారాడన్నారు. పాత ఇంటివాళ్లనీ, స్టూడియోవాళ్లనీ అడిగి, రెండో రోజుకి పట్టుకుంది.

మూడంతస్తుల ఇంటి ముందు అతను కెమెరా పెట్టెలు డిక్కీలో సర్దుకుంటున్నాడు. పక్క ఊళ్లో పనుంది, ఇంజను అప్పుడే స్టార్టు చేసి ఉంది. మేస్త్రమ్మ పలకరించే ముందే చెవి రిక్కించింది. అడుగు నుంచి సన్నగా, చెక్క మీద వేలితో కొట్టినట్టు, టక్ టక్ మంటోంది.

"బాబూ, ఇంజను ఆపు."

"నువ్వా మేస్త్రమ్మా? ఆ చప్పుడు పది రోజుల నుంచి ఉంది, ఏం పర్లేదు. నాకు టైమైపోతోంది."

"ఆపు నాయనా. తప్పు నాది. ఆ ఇంజనుకి నేను వేసిన పుల్ల పొడవు తప్పు, ఇన్నాళ్లూ ఆయిల్ తక్కువతో తిరిగింది. బేరింగు పోయింది. ఇంకో పది మైళ్లు నడిస్తే క్రాంకు కూడా పోతుంది."

అతను ఇంజను ఆపాడు. మొహం ఎర్రబడింది. "ఇప్పుడొచ్చి చెబుతున్నావా? నా పని మాటేంటి? నిన్ను నమ్మి ఇచ్చాను కదా!"

"నమ్మావు, నేను తప్పు చేశాను. పెట్టెలు నా కారులోకి మార్చు, నిన్ను దింపుతాను. నీ ఇంజను మళ్లీ మొదటి బోల్టు నుంచి కడతాను."

అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె అడ్డు చెప్పకుండా వింటూ, మొదటి పెట్టె ఎత్తుకుంది.