కొండ సగంలో విప్పేసిన బూట్లు

నేను ఒక జత కొండబూట్లను. జత అన్నాక ‘మేము’ అనాలి కదా అని మీరు అడగవచ్చు. కుడిదీ ఎడమదీ కలిసి పుట్టి, కలిసి తడిసి, కలిసి ఎండినవాళ్ళం. మనుషుల గురించి మా ఇద్దరికీ ఉన్నది ఒకటే అభిప్రాయం. అది అంత మంచిదేమీ కాదు. అందుకని ‘నేను’ అంటే సరిపోతుంది.

ఉత్తరాదిన ఒక కార్ఖానాలో నన్ను తయారుచేశారు. మందపాటి తోలు కోసి, చీలమండ పైదాకా లేపి కుట్టి, అడుగున రాళ్ళను గట్టిగా పట్టుకునే రబ్బరు అతికించారు. చివరి కుట్టు వేసిన ముసలాయన నన్ను బల్లకేసి రెండుసార్లు కొట్టి చూసి, ఇది ఏ కొండనైనా ఎక్కుతుందని పక్కవాడితో అన్నాడు. కొత్తగా పుట్టినదాన్ని కనుక ఆ మాట నమ్మాను.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక బ్యాంకు ఆఫీసరమ్మ. హిమాలయాలకు వెళ్తానని ఊరంతా చెప్పింది. సముద్రపొడ్డున ఇసుకలో నన్ను వేసుకుని, బండరాయి మీద కాలు పెట్టి ఫొటోలు దిగింది. ఆ తర్వాత ప్రయాణం ఈ ఏడాది కాదు వచ్చే ఏడాది అనుకుంటూ రెండేళ్ళు గడిపింది. ఆ రెండేళ్ళూ నేను అలమరలో పెళ్ళిళ్ళకు వేసుకునే ఎత్తు మడమల చెప్పుల పక్కన కూర్చున్నాను. చివరికి వరద బాధితులకు బట్టలు కావాలని ఎవరో వస్తే, మరక పడ్డ జాకెట్లు, మూత లేని ఫ్లాస్కు, నేను, అందరం ఒకే సంచిలో బయటికి నడిచాం. ఇళ్ళు మునిగి మోకాటిలోతు నీళ్ళలో ఉన్నవాళ్ళు కొండబూట్లు ఏం చేసుకుంటారో ఆవిడ ఆలోచించలేదు. మనుషులు దానం చేసేటప్పుడు తమ అలమర ఎంత ఖాళీ అయిందో చూసుకుంటారు గాని, అవతలివాళ్ళ కాళ్ళ వంక చూడరు.

ఆ సంచి తిరిగి తిరిగి సాలూరులో ఒక సేవాసంఘం వాళ్ళ గదికి చేరింది. అక్కడ బట్టలు వేరుచేస్తున్న పతివాడ ఆదిలక్ష్మి నన్ను పైకి తీసి, అటూ ఇటూ తిప్పి, కాలు దూర్చి చూసుకుంది. సరిగ్గా సరిపోయాను. ఉత్తినే తీసుకోవడం ఇష్టంలేక ఇంటినుంచి రెండు కొత్త దుప్పట్లు తెచ్చి కుప్పలో పెట్టి, నన్ను చంకలో పెట్టుకుని వెళ్ళింది. ఆ ఒక్క పనితో ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. తర్వాత రెండేళ్ళూ ఆ గౌరవంతోనే నెట్టుకొచ్చాను.

ఆదిలక్ష్మికి అప్పటికి అరవై ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో ముప్ఫై మూడేళ్ళు జనానికి చూపు పరీక్షించి రిటైరయింది. చక్కెర జబ్బు ఉంది. రోజూ నడవమని డాక్టరు చెబితే కాలేజీ మైదానం చుట్టూ వారం తిరిగి, గానుగెద్దులా ఈ తిరుగుడేమిటని విసుక్కుని, ఒక ఆదివారం ఎదురుగా కనిపించే కొండ ఎక్కేసింది. పైనుంచి చూస్తే ముప్ఫై మూడేళ్ళు తను కూర్చున్న ఆసుపత్రి అగ్గిపెట్టెంత కనిపించిందట. ఇక ఆగలేదు. ఆ వయసులో కొండల పిచ్చేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు.

ఆవిడ భర్త నరసింగరావు లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడిపినవాడు. ఆయన వద్దనలేదు గాని డాక్టరు మాట మాత్రం పట్టుకున్నాడు. చక్కెర వల్ల ఆవిడ పాదాల్లో స్పర్శ చచ్చిపోయింది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు, ఇంట్లో కూడా ఉత్తకాళ్ళతో తిరగకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ప్రతిసారీ గుమ్మం దగ్గర నా తాళ్ళు తనే బిగించి, “బూట్లు విప్పకే” అనేవాడు. ఆవిడ “అలాగేనండీ” అనేది. ఆ పాదాలను కాపాడడం నా పని. నాకు అంతకంటే పెద్ద పని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు ఎక్కుతూ ఎక్కుతూ ఆవిడ నేరేడుగూడ అనే కొండమీది పల్లెకు చేరింది. అక్కడ తాడంగి సుక్కమ్మ అనే ముసలామె సూదిని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది. ఆదిలక్ష్మి తన కళ్ళజోడు తీసి ఆమె ముక్కుమీద పెట్టింది. సుక్కమ్మ దారం ఎక్కించి, తర్వాత తన అరచేతిని తిప్పి తిప్పి చాలాసేపు చూసుకుంది. ఆ రోజునుంచి ఆదిలక్ష్మికి కొండ ఎక్కడానికి కారణం దొరికింది. నెలకోసారి సంచినిండా దగ్గరచూపు కళ్ళజోళ్ళు, పరీక్ష అట్ట వేసుకుని పైకి వెళ్ళేది. బియ్యంలో రాళ్ళు కనపడక, మాత్రల మీది రంగు తెలియక అవస్థపడే ముసలివాళ్ళకు ఒక్కొక్కరికీ చూసి చూసి ఇచ్చేది. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇప్పుడు రాయి సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

నేరేడుగూడ దారిలో సరిగ్గా సగంలో ఛాతీ ఎత్తున నిలబెట్టిన రాయి ఒకటి ఉంది. దాని నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. తలమీద మోపుతో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎవరి సాయం లేకుండా బరువు దానిమీదికి జరిపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తలకెత్తుకోవడానికి ఏ కాలంలోనో పాతిన రాయి అది. ఆ కొండవాళ్ళు పసుపు పండిస్తారు. పసుపు కొమ్ముల బస్తాలు దించి దించి రాయంతా పచ్చబడింది. రెండోసారి పైకి వెళ్ళేటప్పుడు ఆదిలక్ష్మి దాన్ని పరీక్షగా చూసింది. నిలువు రాయి, ఒళ్ళంతా పసుపు. ఇంకేం, గబగబా నన్ను విప్పేసి లెంపలేసుకుంది. మొదటిసారి బూట్లతోనే దాటిపోయానే తల్లీ అని నొచ్చుకుని, చేతిసంచిలోంచి కుంకుమ భరిణె తీసి రాయికి బొట్టు పెట్టింది. ఇది అమ్మవారి హద్దు కాబట్టి ఇక్కడినుంచి పైకంతా అమ్మవారి కొండేనని తనకు తానే తీర్మానించుకుని, ఉత్తకాళ్ళతో పైకి నడిచింది.

అక్కడినుంచి పైకి గంట నడక. ఆ దారంతా పదును రాళ్ళు, రేగుముళ్ళు. కొండలో బూట్లు అక్కర్లేని సగమంతా నన్ను వేసుకుని, కావలసిన సగం మొదలయ్యే చోట విప్పేసింది. నాకు నాలుక అయితే ఉంది గాని మాట లేదు. ఉంటే ఆ రోజు కొండ దద్దరిల్లేలా అరిచేదాన్ని.

ఆవిడ వెళ్ళిన కాసేపటికి కట్టెల మోపులతో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. మోపు దించబోయి బొట్టు చూసి ఆగారు. పక్కనే విప్పిన నన్ను చూశారు. కళ్ళ డాక్టరమ్మ దండం పెట్టిందంటే ఇందులో ఏదో ఉందని, చదువుకున్నవాళ్ళకు తెలియకుండా ఉంటుందా అని గుసగుసలాడుకుని, మోపులు దించకుండానే మెడలు వంచుకుని ఎక్కిపోయారు. మరుసటి నెలకు రాయికి బంతిపూల దండ పడింది. అది చూసి ఆదిలక్ష్మి తన అనుమానం నిజమేననుకుని కొబ్బరికాయ కొట్టింది. కొబ్బరికాయ చూసి వాళ్ళు గంట కట్టారు. గంట చూసి ఆవిడ పసుపుగుడ్డ చుట్టింది. ఒకరిని చూసి ఒకరు, ఎదుటివాళ్ళ దేవతను కించపరచకూడదని, ఎవరికీ లేని దేవతను ఇద్దరూ కలిసి నిలబెట్టారు. ఒక్కరు, ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే సరిపోయేది. మర్యాదస్థులు కదా, అడగలేదు.

రెండేళ్ళు ఇలా సాగింది. నెలకోసారి నేను ఆ రాయి పక్కన కూర్చుని, బరువు దించుకోలేక రొప్పుతూ వెళ్ళే ఆడవాళ్ళ కాళ్ళు లెక్కపెట్టాను. ఇంటికి వచ్చాక నరసింగరావు నన్ను తుడుస్తూ అడుగు తిప్పి చూసి, ఎన్ని కొండలెక్కినా రబ్బరు ఇసుమంత అరగలేదు, భలే సరుకు అని మెచ్చుకునేవాడు. ఆదిలక్ష్మి వంటింట్లోకి వెళ్ళిపోయేది. గుమ్మం దగ్గర తను చెప్పే ‘అలాగేనండీ’ అబద్ధమని ఆవిడకూ తెలుసు. అయినా దేవత విషయంలో డాక్టరు మాట చెల్లదని ఆవిడ లెక్క.

శ్రావణమాసంలో వానకు దారి జారుడుగా ఉన్న రోజున ఆవిడ పైనుంచి దిగి వచ్చి, తడిపాదం తుడుచుకుని మేజోడు తొడిగి నాలో పెట్టింది. ఎడమ చిటికెన వేలి దగ్గర నాకు వెచ్చగా తడి తగిలింది. వాన తడి కాదు. వేలిలో ముల్లు విరిగి ఉంది. ఆవిడ మాత్రం పక్కన నడుస్తున్న సుక్కమ్మతో కబుర్లు చెబుతూ, నవ్వుతూ దిగుతోంది. ఆ నవ్వు వింటూ, ఆ ముల్లును ప్రతి అడుగుకూ లోపలికి నొక్కుతున్నది నేనేనని తెలిసి, నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

నాలుగో రోజున జ్వరం వచ్చింది. వారానికి వేలు నల్లబడింది. పెద్ద ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు. ఇంకొక్క పుండు పడితే పాదమే తీయాల్సి వస్తుందని చెప్పి పంపారు. ఇంటికి తెచ్చిన రోజున నరసింగరావు, వీటిని నమ్మి పంపానే అని నన్ను తీసుకెళ్ళి వసారా మూల పాత టైర్లు, తుప్పు బోల్టుల కుప్పలోకి విసిరేశాడు. చెయ్యని నేరం నా నెత్తిన పడింది. ఆదిలక్ష్మి మంచంమీదనుంచి చూసింది గాని నోరు మెదపలేదు. ఆ రోజు ఆవిడమీద నాకు వచ్చినంత కోపం బ్యాంకు ఆఫీసరమ్మ మీద కూడా రాలేదు.

నెలన్నర తర్వాత సంతకు దిగిన సుక్కమ్మ, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి వసారాలో కూర్చుంది. ముక్కుమీద కళ్ళజోడు, ఒడిలో ఒక చిన్న మూట. మంచంమీద కూర్చున్న ఆదిలక్ష్మి కట్టు కట్టిన కాలు చూసింది. నరసింగరావు మంచినీళ్ళు ఇచ్చాడు. సుక్కమ్మ తాగి, చెంబు కింద పెట్టి, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది అడిగింది.

“అమ్మా, ఒక మాటడుగుతాను. ఆ రాయికాడ జోళ్ళెందుకు ఇప్పేసేదానివి? కరిసేవేటి?”

“అమ్మవారు కదా సుక్కమ్మా. మీ అమ్మవారి ముందు బూట్లతో ఎలా నడుస్తాను?”

“మా అమ్మవారేటి? అది మోపులు దింపుకునే రాయి. నువ్వే కదేటమ్మా బొట్టెట్టినావు. సదువుకున్న తల్లి దండమెడితే దేవతే కావాలనుకున్నాం. అప్పట్నుంచీ ఎవులమూ మోపు దించట్లేదు. మెడలు పడిపోతన్నాయి.”

ఆదిలక్ష్మి పోయిన వేలి చోటును కట్టుమీదనుంచి తడుముకుంది. నాకైతే ఇప్పటికైనా అడిగారు కదా తల్లుల్లారా అనిపించింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు పోయినందుకు కాదు. మేలు చెయ్యడానికి వెళ్ళి, కొండ ఎక్కే ఆడవాళ్ళకు ఉన్న ఒక్క ఆసరా లాగేశానని ఆవిడే అంది. తర్వాత భర్తవైపు తిరిగి, రెండేళ్ళూ బూట్లు విప్పేశానని ఒప్పుకుంది.

నరసింగరావు లేచి కుప్పలోంచి నన్ను బయటికి లాగాడు. అడుగు తిప్పి చూశాడు. “అందుకన్నమాట అరగలేదు” అన్నాడు. తిట్టలేదు. గుడ్డ తెచ్చి, మెట్టుమీద కూర్చుని, బూజంతా నెమ్మదిగా తుడిచాడు. ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు. మనుషులు బూట్లకు చెప్పరు. కానీ ఆ సాయంత్రం నాకు రెండుసార్లు నూనె పట్టించాడు.

పుండు పూర్తిగా మానడానికి మాఘమాసం వచ్చింది. డాక్టరు బూట్లతో అయితే సరేనన్నాడు. ఈసారి నరసింగరావు కూడా బయలుదేరి, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆయాసపడుతూ రాయిదాకా వచ్చాడు. ఈలోగా దేవత బాగా ఎదిగింది. నెత్తిన రేకు పందిరి, రెండు గంటలు. కట్టెల మోపులతో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళతో సుక్కమ్మ, మోపులతోనే నిలబడి ఉన్నారు. ఆదిలక్ష్మి వాళ్ళను చూసింది. అలవాటు చొప్పున వంగింది. వేళ్ళు నా తాళ్ళమీద పడ్డాయి. నా ప్రాణం అక్కడే ఆగిపోయింది.

అలాగే వంగి కాసేపు ఉంది. తాళ్ళు విప్పలేదు, ఇంకా గట్టిగా బిగించింది. లేచి, భుజంమీది కళ్ళజోళ్ళ సంచి తీసి రాయిమీద పెట్టింది. ఒక ఆడమనిషి గాభరాగా వెనక్కి జరిగింది.

“తప్పు నాదమ్మా. అడక్కుండా బొట్టు పెట్టాను. ఇది మీ రాయి. దించండి” అంది ఆదిలక్ష్మి.

ఎవరూ కదల్లేదు. అప్పుడు సుక్కమ్మ ముందుకొచ్చి తన మోపు రాయిమీదికి జరిపింది. మెడ అటూ ఇటూ తిప్పుకుని, మిగిలినవాళ్ళవైపు చూసి, “బొట్టుంటే ఉండనీండి. బరువు దించుకోనిచ్చేది దేవత కాకుండా పోద్దేటి?” అంది. ఒక్కొక్కరే వచ్చి దించారు. ఎన్నాళ్ళకో ఆ రాయి పక్కన ఆడవాళ్ళ ఊపిరి నిదానంగా విన్నాను.

తర్వాత నేను పైకి నడిచాను. పదును రాళ్ళు నా కింద కరకరలాడాయి, ముళ్ళు నా తోలుమీద గీరి ఊరుకున్నాయి. కార్ఖానాలో ముసలాయన నన్ను బల్లకేసి కొట్టి చూసింది ఈ గంట నడక కోసమేనని అనుకున్నాను. నేరేడుగూడ రానే వచ్చింది. సుక్కమ్మ గుమ్మం ముందు ఆదిలక్ష్మి ఆగి, వంగి, నన్ను విప్పేసింది. మళ్ళీ గుమ్మం బయటే నేను. ఈ మనుషులతో వేగలేను.

కానీ ఆవిడ సంచిలోంచి మెత్తటి ఇంటి చెప్పులు తీసి తొడుక్కునే లోపలికి వెళ్ళింది. కాసేపటికి సుక్కమ్మ నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఎడమదాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి దూర్చి, చిటికెన వేలు ఉండాల్సిన చోటు ఎక్కడో తడిమి చూసింది. ఆ రోజు సాలూరుకు తెచ్చి, విప్పకుండానే వెనక్కి తీసుకుపోయిన చిన్న మూట విప్పింది. అందులో, జోళ్ళు కరుస్తున్నాయేమోనని అప్పుడు తెచ్చిన బూరుగుదూది. దాన్ని పాత గుడ్డలో చుట్టి, కళ్ళజోడు సర్దుకుని, మొదటిసారికే సూదిలోకి దారం ఎక్కించి, కుట్టి, ఆ ఖాళీలో సరిగ్గా అమర్చింది. వేలితో నొక్కి చూసింది.

దిగేటప్పుడు ఆదిలక్ష్మి కాలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, లోపలున్నది ఏమిటో అర్థమై, నా తాళ్ళు కట్టుకుంది. కొండ కిందిదాకా మళ్ళీ విప్పలేదు.