నాలుగు రోజులు ఓర్చుకో

గద్వాలలో మందులు తీసుకుంటే పేటంతా గుప్పుమంటుందని, చెన్నయ్య కుష్టు మాత్రలను ఏడాదిపాటు వనపర్తి దవాఖాన నుంచే తెచ్చుకున్నాడు. తోడు భార్య సత్యమ్మ. ఎక్కడికని ఎవరైనా అడిగితే చుట్టాలింటికని బొంకేది. కోర్సు ముగిసింది, మచ్చ తగ్గింది, మగ్గం ఆగలేదు. గండం గట్టెక్కిందనుకుంది పిచ్చిది.

మూడు నెలలకు మచ్చ మళ్లీ ఎర్రబడి ఉబ్బింది. కుడి మోచేయి సలపడం మొదలైంది. అప్పటికి మగ్గం మీద ఒక పెళ్లివారి చీర ఉంది. చీర ఒళ్లు నూలుతో నేయడం పూర్తయింది, పట్టు కొంగు మిగిలింది.

"వనపర్తి పోదామే" అన్నాడు చెన్నయ్య.

"ఇప్పుడు మగ్గం ఆపితే నూలిచ్చిన సేటు ఎందుకని అడగడా? రోగం సంగతి బయటపడితే మనం నేసిన చీర ఎవరన్న కట్టుకుంటరా? నాలుగు రోజులు ఓర్చుకో."

ఓర్చుకున్నాడు. ఆమె మాట ఎన్నడు జవదాటాడు గనక? రెండో రోజు పోగు విసిరే నాడె చేతిలోంచి జారింది. మూడో రోజు చిటికెన వేలు, ఉంగరపు వేలు వంగి, లేవనన్నాయి. చీర ఒంటి నూలు పోగులకు కొంగు పట్టు పోగులను ఒక్కొక్కటే కలిపే పని సత్యమ్మే చేసింది. కొంగు మాత్రం నాలుగో రోజుకు అతనే ఎట్లాగో నేసి ముగించాడు.

అయిదో రోజు వనపర్తిలో డాక్టర్ హెప్సిబా మోచేతి నరం నొక్కి చూసి మండిపడింది.

"క్రిములు ఎప్పుడో చచ్చినయమ్మా. వాటి పీనుగుల మీద ఒంట్లోని కాపలా కణాలు యుద్ధం చేస్తున్నయ్. ఒక రకం కణాలు ఉసిగొల్పితే ఇంకో రకం నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ వదుల్తయ్. క్రిములను చంపేది అదే, మోతాదు మించితే నరాన్ని పాడుచేసేదీ అదే. ఇగ చాలు అని ఆపే కణాలు కూడా ఉంటయ్. ఈయన ఒంట్ల వాటి మాట చెల్లలేదు. అట్లాంటప్పుడు మేం మాత్రలిచ్చి ఆపాలె. నొప్పి లేచిన రోజే రమ్మని చెప్పిన గద?"

"వేళ్లు లేస్తయా మేడం?" అంది సత్యమ్మ.

"కొంత రావచ్చు. నాడె పట్టేంత వస్తదని చెప్పలేను. మొదటి రోజే వచ్చుంటే వేరే మాట."

చెన్నయ్య సత్యమ్మ వైపు చూడలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. మొగుడి వేళ్లను రోగం తినలేదు, తన నోరు తినేసింది. ఆ సంగతి సత్యమ్మకు తెలుసు.

మర్నాడు సేటు రాజ్‌కుమార్ ఇంటికే వచ్చాడు. చీర ఒళ్లో పరుచుకుని కొంగు కలిసిన చోట బొటనవేలితో తడిమాడు.

"అతుకే కనబడ్తలేదు. నీ చెయ్యి బంగారం చెన్నయ్యా! పెండ్లోళ్లు ఇంకోటి గావాలంటున్నరు. ఇదే చేత్తోని నేయాలె."

చెన్నయ్య కుడిచేతిని తువ్వాల కింద దాచుకుని, నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

సత్యమ్మ అడ్డుపడింది. "నేస్తడు సేటూ. నాలుగు రోజులు ఓర్చుకోండ్రి."